శనివారం సాక్ష్యం

"ఎత్తవే, కాస్త పైకెత్తు! నీ కొస నేలకి తగులుతోంది. మళ్ళీ ఉతుక్కోవాలా?" అని పెద్దకోడలు కసిరింది.

చిన్నకోడలు కొస పైకెత్తింది. ఇస్త్రీ చేసే ఆవిరి రోలరులోంచి పొగలు కక్కుతూ వచ్చిన దుప్పటిని ఇద్దరూ చెరోవైపు పట్టుకుని, లాగి బిగించి, ఎదురెదురుగా నాలుగడుగులు నడిచి, అంచుకి అంచు కలిపి మడత పెట్టాలి. హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో రోజుకి ఇలాంటివి ఆరు వందలు. అంటే రోజుకి ఆరు వందల సార్లు తోడికోడళ్ళిద్దరూ ఒకరి మొహంలోకి ఒకరు చూసుకోవాలి. అవతలి మనిషిని చూస్తేనే ఒళ్ళు మండేవాళ్ళకి అంతకన్నా శిక్ష ఇంకేముంటుంది?

వాళ్ళిద్దరూ అన్నదమ్ముల భార్యలు. అందుకే లాండ్రీలో కూడా వాళ్ళని పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలుస్తారు. పెద్దకోడలు ఇక్కడ చేరి పన్నెండేళ్ళు. మూడేళ్ళ కిందట లాండ్రీ యజమానురాలు అమ్మగారి కాళ్ళావేళ్ళా పడి చిన్నకోడలిని చేర్పించింది కూడా ఆవిడే. ఆ బుద్ధి ఎందుకు పుట్టిందా అని ఈ మధ్య రోజుకోసారైనా తనను తాను తిట్టుకుంటోంది.

దానికి కారణం ఒక కుర్చీ. మడత పెట్టిన దుప్పట్లలో మరకలూ చిరుగులూ ఉన్నాయేమో చూసే బల్ల ఒకటి కిటికీ పక్కన ఉంది. లాండ్రీ మొత్తంలో కూర్చుని చేసే పని అదొక్కటే. జీతం కూడా నెలకి వెయ్యి ఎక్కువ. ఇన్నాళ్ళూ అక్కడ కూర్చున్న ముసలామె కళ్ళు కనబడక మానేసింది. ఆమె చోటు ఎవరికిచ్చేదీ ఈ రోజు ప్రార్థనలో చెబుతానని అమ్మగారు పొద్దున్నే ప్రకటించారు.

అమ్మగారు ప్రతి శనివారం నాలుగు గంటలకి మిషన్లు ఆపించి, ఆ వారం దేవుడు చేసిన మేలులకు కృతజ్ఞతా ప్రార్థన పెడతారు. ప్రార్థన అరగంట. ఆ అరగంట పనీ సాయంత్రం అదనంగా ఉండి పూర్తిచేయాలి, దానికి జీతం లేదు. ఆ కూటంలో ఒకరిద్దరు లేచి, ప్రభువు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతారు. సాక్ష్యం బాగా చెప్పినవాళ్ళ మీద అమ్మగారి చూపు చల్లగా పడుతుందని అందరికీ తెలుసు.

పెద్దకోడలికి భక్తి లేక కాదు. కూతురికి జ్వరం తగ్గినా, కుళాయిలో నీళ్ళొచ్చినా ప్రభువుకి స్తోత్రం చెప్పుకోకుండా ఉండదు. కానీ నలుగురిలో నిలబడితే నోరు పెగలదు. "అందరికీ వందనాలు" అని గొణిగి కూర్చుంటుంది. చిన్నకోడలు లేచిందంటే మాత్రం రెండో మాటకి దాని కళ్ళల్లో నీళ్ళు, మూడో మాటకి వినేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు. ఆ కన్నీళ్ళని చూసి కూడా పెద్దకోడలు కుళ్ళుకునేది. దేవుడు కూడా దాని మాటే ముందు వింటాడేమోనని అనుమానపడేది. అలా అనుమానపడ్డందుకు క్షమించమని ఆయన్నే వేడుకునేది. వేడుకోవడం అయ్యాక మళ్ళీ కుళ్ళుకునేది.

"ఏం చెప్పబోతున్నావు ఈ రోజు?" అని ఇంకో దుప్పటి అందుకుంటూ అడిగింది.

"ఏముందక్కా, నోటికొచ్చింది చెప్తా."

"నీకేం తల్లీ, వస్తుంది."

చిన్నకోడలు దగ్గరికొచ్చి అంచులు కలిపి, గొంతు తగ్గించింది. "అక్కా, ఆ కుర్చీ నాకొస్తే నువ్వేం అనుకోవుగా?"

"అనుకోవడానికి నేనెవర్నే?" అంది పెద్దకోడలు. అరికాళ్ళ నుంచి మోకాళ్ళ దాకా సలుపుతున్న పన్నెండేళ్ళ నొప్పి ఒక్కసారిగా తలకెక్కినట్టయింది.

నాలుగయింది. మిషన్లు ఆగాయి. పాతికమందీ తడి నేల మీద గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు. పాట అయ్యాక అమ్మగారు తల ఊపగానే చిన్నకోడలు లేచింది.

పోయిన ఏడాది రోలరులో తన కుడిచెయ్యి పడిన సంగతి ఎత్తుకుంది. ప్రభువు కాపాడబట్టి చెయ్యి దక్కిందంది. అమ్మగారి మనసులో జాలి పుట్టించింది కూడా ఆయనే అంది. అమ్మగారు సొంత బిడ్డలా ఆస్పత్రికి తీసుకెళ్ళారంది. మూడో మాటకి ఎవరో ముక్కు చీదారు. అమ్మగారు కళ్ళు ఒత్తుకున్నారు.

పెద్దకోడలు లోలోపల లెక్క తీసింది. ఆ రోజు పరుగెత్తి మిషను ఆపిందెవరు? చీర కొంగు తడిపి చెయ్యి చుట్టిందెవరు? రెండు నెలలు దానికి అన్నం కలిపి పెట్టిందెవరు? ఇంత సాక్ష్యంలో అక్క అన్న మాట ఒక్కటి లేదే! ఆస్పత్రి ఖర్చు దాని జీతంలోంచే కోసుకున్న సంగతీ లేదు. ఇప్పుడు లేచి అన్నీ కక్కేయాలి, దాని పరువు ఈ గోనెపట్టాల మీదే తీసేయాలి అనుకుంది.

"పెద్దకోడలా, నువ్వు కూడా దేవుడికి రెండు మాటలు చెప్పుకోమ్మా," అన్నారు అమ్మగారు. ఆవిడ అప్పటికే చిన్నకోడలి వైపు చూసి నవ్వుతున్నారు.

పెద్దకోడలు లేచింది. చిన్నకోడలు కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. కుడిచేత్తో మొదలుపెట్టింది. ఆ చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఇక ఎడమచేత్తో తుడుచుకుంది. పెద్దకోడలు తప్ప అది ఇంకెవరూ చూడలేదు.

ఏడాదిగా దుప్పటి కొస ఎందుకు జారుతోందో పెద్దకోడలికి అప్పుడు అర్థమైంది. బద్ధకం అనుకుంది. తనంటే లెక్కలేనితనం అనుకుంది. రోజుకి పదిసార్లు కసిరింది. ఇంట్లో పక్క గదిలోనే ఉంటూ అది తల ఎలా దువ్వుకుంటోందో కూడా చూడలేదు. అయినా కుర్చీ మీద ఆశ చావలేదు. ఆ క్షణంలో కూడా ఆ కుర్చీ తనకే కావాలనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

"ప్రభువుకి స్తోత్రం," అంది. "మా చెల్లెలి చెయ్యి తెగిపోకుండా కాపాడినందుకు ఆయనకి స్తోత్రం. ఆ మాట మనసారా చెప్తున్నా. కానీ అమ్మగారూ, పని నెమ్మదిగా సాగుతోందని, చేతులు పడకుండా రోలరుకున్న అడ్డుపట్టీ తీయించింది దేవుడు కాదండి. మీరు. ఆ పట్టీ ఇంకా పెట్టలేదు. మీరు చేసినదానికి కూడా ఆయనకే స్తోత్రం చెప్పమంటే నాకు నోరు రావడం లేదు."

గోనెపట్టాల మీద చిన్న కదలిక. అమ్మగారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చెల్లెలికి కుర్చీ వస్తుందని ఓర్వలేక మాట్లాడుతున్నావు," అన్నారు. చిన్నకోడలి వైపు తిరిగి, "అంతేనా అమ్మా? నువ్వే చెప్పు," అన్నారు. ఆ మాటలో కుర్చీ ఉంది, నెలకి వెయ్యి ఉంది. అందరికీ తెలుస్తూనే ఉంది.

చిన్నకోడలు లేచి నిలబడింది. ఈసారి కళ్ళల్లో నీళ్ళు లేవు.

"అక్కకి నామీద కుళ్ళున్న మాట నిజమేనండి. చెప్పింది కూడా నిజమే. కుర్చీ మీ ఇష్టమొచ్చినవాళ్ళకి ఇవ్వండి. పట్టీ పెట్టేదాకా నేను ఆ మిషను దగ్గరికి పోను."

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆ చివరి మాట తనకెందుకు తట్టలేదా అని పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళ మనిషి తను, మూడేళ్ళది అది! మండుతున్న ఒంటితోనే నడిచి వెళ్ళి దాని పక్కన నిలబడింది.