చదివితే వినే మనిషి

లింగమూర్తి ఎర్ర పెన్సిల్ మొద్దు కొసతో బల్లమీద తడుతూ కంప్యూటర్ తెర మీది వాక్యాన్ని మూడోసారి చదువుకుంటున్నాడు. కామా దగ్గర ఒక దెబ్బ, చుక్క దగ్గర రెండు. పత్రికలో ముప్పయ్యేళ్లు ప్రూఫులు దిద్దినప్పటి అలవాటు. అక్కడ ఒకరు చదివితే ఒకరు వినేవారు. ఆ పత్రిక మూతపడింది, తర్వాత భార్య పోయింది. ఇప్పుడు నానక్‌రామ్‌గూడ అద్దాల మేడ ఆరో అంతస్తులో, యంత్రం చేసిన తెలుగు అనువాదాన్ని దిద్దే పని. తెర మీద పెన్సిల్‌కు పనేముంది? అయినా రోజూ చందానగర్ గది నుంచి చొక్కా జేబులో పెట్టుకుని వస్తాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. వంగిన మెడ, దారంతో కట్టిన కళ్లజోడు. చుట్టూ పిల్లలంతా చెవుల్లో పాటలు పెట్టుకుని పనిచేస్తారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పలకరించే దిక్కు లేదు. ఆయనకది బాధగానే ఉండేది.

ఆ రోజు వచ్చిన పేరా నాస్టిక్కుల గురించి; గ్రీకులో ‘జ్ఞానం’ అనే మాట నుంచి వచ్చిన పేరు. ఈ లోకాన్ని చేసింది అసలైన దేవుడు కాదని, ఒంట్లో చిక్కుకున్న వెలుగును తెలుసుకుంటేనే విడుదల అని వాళ్లు చెప్పారట. వాళ్లూ తొలినాటి క్రైస్తవులేనని కొందరు పండితులు. కాదు, వేరే మతంవాళ్లు క్రీస్తు పేరు తగిలించుకున్నారని మరికొందరు. యంత్రం మొదటి వాదనను మింగేసి, నాస్టిక్కులను జ్ఞానులుగా మార్చి, ‘వేరే మతస్థులైన జ్ఞానులను క్రైస్తవ సంఘం వెలివేసింది’ అని తేల్చేసింది.

వాక్యం ఎవరికైనా చదివి వినిపిస్తేగాని ఆయనకు తప్పు దొరకదు. బల్లలు తుడిచే మల్లమ్మ ఒక్కతే వింటుంది. ఆదివారం చర్చిలో ప్రార్థనకు పోయే మనిషి. ఆమెకు చదివి వినిపించాడు.

“జ్ఞానులను వెలేసుడేంది సార్? చుక్కను చూసుకుంట వచ్చి బాలయేసుకు మొక్కింది జ్ఞానులే గద.”

లింగమూర్తి గతుక్కుమన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, ఆ ‘జ్ఞానుల’ను ఒప్పేసుకునేవాడే. పోనీ నాస్టిక్కులని ఉంచుదామంటే, నాస్తికులకు అచ్చుతప్పనుకుంటారు. తనైనా అలాగే దిద్దేవాడు. మల్లమ్మకు సంగతంతా విడమరిచి చెప్పాడు.

“అంటే, అసలు ముచ్చట మాకే ఎరుక అన్నరన్నట్టు.”

పెన్సిల్ రెండుసార్లు తట్టింది. ‘ఎరుకమతం’ అని కొట్టాడు. అంత మంచి మాట దొరికి ఎన్నాళ్లయిందో.

“మరి వాళ్లు క్రీస్తు మనుషులేనంటవా, కాదంటవా?”

“వెలేసినోళ్లనే అడిగితే ఎట్ల సార్? ప్రార్థనకు పోతున్ననని మా అత్తగారోళ్లు నన్ను వాళ్ల మనిషి కాదన్నరు. నేనింకా వాళ్ల మనిషినే అనుకుంట.”

యంత్రం మింగేసిన మొదటి వాదనను ఆయన తిరిగి పేరాలో చేర్చాడు. నాలుగు నిమిషాల్లో దిద్దాల్సిన పేరాకు నలభై నిమిషాలు పట్టింది.

ఆయన పనిని పర్యవేక్షించే సౌజన్య వచ్చి నిలబడింది. “సార్, రేపట్నుంచి ఈ పనంతా యంత్రమే చేసేస్తుందండి. మీకు ఈ రోజే ఆఖరండి. ఏమనుకోకండి.”

“అట్లనా అమ్మా.” తెర మీది ‘ఎరుకమతం’ చూపించాడు. “ఈ మాట ఉంటదా?”

“కొత్త మాట ఉండాలంటే ఇద్దరు ఒప్పుకోవాలండి. రెండో మనిషి కార్డు నంబరు లేకపోతే యంత్రమే చెరిపేస్తుంది.”

చుట్టూ చూశాడు. ఎవరి చెవులూ ఖాళీగా లేవు. పోయేముందు ఈ ఒక్క మాట నిలిస్తే చాలనిపించింది. మల్లమ్మను పిలిచాడు. ఆమె మెడలోని కార్డు తిప్పి ఒక్కో అంకే చదివింది. యంత్రం అంకెలే అడిగింది, నువ్వేం పనిచేస్తావని అడగలేదు. పచ్చ గుర్తు పడింది. సౌజన్య అది చూసి, తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

అయిదింటికి తన కార్డు అప్పగించాడు. మల్లమ్మకు చెప్పిపోదామని చూస్తే ఆమె పై అంతస్తులో ఉంది. షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

మరునాడు మల్లమ్మ వచ్చేసరికి ఆ బల్ల మీద కంప్యూటర్ లేదు. మూలన ఎర్ర పెన్సిల్ ఉంది. ఎత్తి, కింద తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది. చెక్కిన మొన చెక్కినట్టే ఉంది. అరిగింది మొద్దు కొసే.