నాచు కడిగిన నీళ్ళు

ఆ ఇంట్లో నీటిచుక్క నేలపాలు కావాలంటే ముందు అత్తగారి అనుమతి ఉండాలి. కూరలు కడిగిన నీళ్ళు మొక్కలకు, బట్టలు జాడించిన నీళ్ళు వాకిలికి. ఇంకేమైనా మిగిలితే వాటికీ ఆమె ఏదో ఒక ఉద్యోగం చూపించేది. బోరు ఎండిపోయి, బిందె పట్టుకుని ట్యాంకరు వెనకాల పరుగెత్తిన రోజులు చూసిన మనిషి మరి. వీధిలోవాళ్ళు చాటున నవ్వుకునేవారు గానీ, నీళ్ళ విషయంలో ఆమెకు ఎదురుచెప్పే ధైర్యం ఎవరికీ లేదు. నీళ్ళ విలువ తెలిసిన మనిషన్న పేరంటే ఆమెకు ప్రాణం.

కోడలు సముద్రం ఒడ్డున పుట్టి పెరిగింది. నోట్లో నాలుక లేని మనిషి. కాపురానికి వచ్చాక ఆమెకు దక్కిన బిరుదు ఒక్కటే, నాచు కోడలు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును పుట్టింటివాళ్ళు బస్తాల్లో పంపేవారు. దాన్ని కడిగి, తరిగి, ఉడకబెట్టి, గుడ్డలో వడగట్టి, ఆ గోధుమరంగు కషాయంలో బాగా నీళ్ళు కలిపి తెల్లవారుజామున ఆకుల మీద పిచికారీ చేసేది. మొక్కలకు సూపు తాగిస్తున్నావా అని మొగుడు మొదట్లో వెక్కిరించాడు. కిందటేడాది ఎండలకు చుట్టుపక్కల తోటలు వాడిపోయినా ఆమె పిచికారీ చేసిన వరసలు నిలబడి పూతకు వచ్చాయి. అప్పుడు నోరు మూసుకున్నాడు.

ఈసారి బీన్స్ తోట మొత్తం ఆమె చేతికే వదిలేశాడు. ఈ పంట బాగుంటే మాకూ కాచి ఇవ్వమని పక్క తోటలవాళ్ళు కూడా అడిగారు. అప్పటినుంచి కోడలు పొయ్యి దగ్గర కూర్చుని తనలో తాను ఏదో పాడుకునేది. అది విని అత్తగారికి ముచ్చటేసింది. తనూ ఒక చెయ్యి వేద్దామనుకుంది. పాపం, అక్కడే వచ్చింది తంటా.

ఆ రోజు కోడలు నాచును నీళ్ళు మార్చి మార్చి వేళ్ళు నానిపోయేదాకా కడిగింది. కషాయం కాచి డ్రమ్ములో పోసింది. కడిగిన నీళ్ళు టబ్బులో ఉన్నాయి, కాలువలో పారబోయండత్తయ్యా అని చెప్పి, స్ప్రేయర్ బాగుచేయించడానికి బజారుకు వెళ్ళింది. ఎందుకు పారబోయాలో చెప్పలేదు. సముద్రం పక్కన పుట్టినవాళ్ళకు అది చెప్పాల్సిన సంగతే కాదు. పైగా అత్తగారికి నీళ్ళ గురించి పాఠం చెప్పేంత ధైర్యం ఎవరికుంది?

అత్తగారు ఆ టబ్బు చుట్టూ తిరిగింది. ఇసుక అడుక్కి దిగి నీళ్ళు తేటపడ్డాయి. అంత తేటనీళ్ళను కాలువపాలు చేయడానికి ఆమెకు చేతులు రాలేదు. డ్రమ్ములోకి ఎలాగూ నీళ్ళు కావాలి, బావి నుంచి మోసే చాకిరీ ఆ పిల్లకు తప్పుతుంది, నాచు నీళ్ళు నాచులో కలిస్తే తప్పేముంది అనుకుంది. చెంబుతో తోడి డ్రమ్ము నింపేసింది. తిరిగొచ్చిన కోడలు నిండిన డ్రమ్మును చూసి మొగుడే నింపాడనుకుంది. మర్నాడు తోటంతా పిచికారీ చేసింది.

కొద్దిరోజులకే ఆకుల అంచులు నిప్పుసెగ తగిలినట్టు మాడాయి. పూత రాలిపోయింది. కోడలు వరసల మధ్య నిలబడి ఒక్కొక్క ఆకునూ తిప్పి చూసింది. ఇంటికొచ్చి, డ్రమ్ము అడుగున మిగిలినదాంట్లో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. గుమ్మంలో అత్తగారు చూస్తూనే ఉంది.

"ఆ టబ్బు నీళ్ళు ఎక్కడ పోశారత్తయ్యా?"

"నువ్వు చెప్పినట్టే, కాలువలో" అంది అత్తగారు. చెప్పిన పని చేయలేదని అంటారేమోనన్న బెరుకుతో అబద్ధం అలా జారిపోయింది. కోడలు ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, తలూపి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అత్తగారు తనూ వేలు ముంచి చూసుకుంది. ఉప్పు. నాచుకు అంటుకొచ్చిన సముద్రపు ఉప్పంతా ఆ టబ్బు నీళ్ళలోనే ఉందన్నమాట.

మర్నాడు పక్క తోటలవాళ్ళు వచ్చి గట్టు మీద నిలబడ్డారు. వాళ్ళ ముందే కొడుకు తన పెళ్ళాన్ని నిలదీశాడు. కోడలు తల వంచుకుని, నాచు సరిగ్గా కడగలేదని, తప్పు తనదేనని చెప్పింది. వాళ్ళలో పెద్దాయన మర్యాదగానే, మాకు కాచే శ్రమ ఇక పెట్టుకోకమ్మా అన్నాడు. కొడుకు మాత్రం, ఇంకోసారి ఆ పొయ్యి వెలిగిస్తే ఊరుకోనన్నాడు.

పక్కనే ఉన్న అత్తగారికి అర్థమైంది. ఆ పిల్లకు అంతా తెలుసు. తెలిసే మీద వేసుకుంది. తను పెదవి విప్పకపోతే సంగతి ఇక్కడితో సరి. నీళ్ళ విలువ తెలిసిన మనిషన్న పేరూ చెక్కుచెదరదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది.

"ఆ పిల్ల బాగానే కడిగింది" అంది. "పారబోయమన్న ఉప్పునీళ్ళు డ్రమ్ములో పోసింది నేను. అడిగితే అబద్ధం చెప్పిందీ నేనే."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. కొడుకు తల్లి వైపు చూశాడు, మాడిన తోట వైపు చూశాడు, గట్టు దిగి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే కదిలారు.

ఇంటికి వచ్చాక కోడలు చల్లారిన పొయ్యి దగ్గర కూర్చుంది.

"మీరు ఊరుకోవాల్సింది అత్తయ్యా. చెప్పినా పంట తిరిగిరాదుగా."

"వాడు నన్ను ఎంత తిట్టుకున్నా రేపటికి నేను వాడి అమ్మనే" అంది అత్తగారు. "నీకు ఈ ఇంట్లో నీదంటూ ఉన్నది ఆ పనొక్కటే. అది కూడా నేనే తీసేసుకుంటే ఎట్లా?"

తోట మాడినప్పుడు గానీ, అంతమందిలో మాట పడ్డప్పుడు గానీ కోడలు ఏడవలేదు. ఇప్పుడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నా, ఆ పిల్లను ఏమని ఓదార్చాలో అత్తగారికి తెలియలేదు. పక్కన కూర్చుండిపోయింది.