పక్షులు ఎక్కడైనా ఉంటాయి

“వంటిల్లు నీ వెంటే వస్తుంది, ఇంక నీకేం దిగులు?” అన్నారు మా ఆయన, మోటార్‌హోమ్ తలుపు బార్లా తెరిచి.

గిన్నెలు తోముతున్నదాన్ని చేతులు తుడుచుకుంటూ డ్రైవ్‌వేలోకి వచ్చి తొంగి చూశాను. నేపర్‌విల్‌లోనే ఎవరో ముసలాయన అమ్ముతుంటే కొన్నారట. బయటికి బస్సు, లోపలికి ఇల్లు. మా ఆయన దేవకుమార్‌కి పెళ్ళినాడు కూడా ముఖం అంత వెలగలేదు. ఒక్కొక్కటే చూపించారు. ఇది నా సీటు, ఇది నా టీవీ, ఇదిగో నీ స్టవ్వు, నీ సింకు, నీ ఫ్రిజ్. అంత పొడుగు బండిలో నా వాటాకి వచ్చినవన్నీ ఒక్క మూలలోనే ఉన్నాయి. “బాగుందండీ,” అన్నాను. ఇంకేమంటాను?

అది 1984 ఆగస్టు. ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి, ముందుగానే రిటైర్మెంట్ ఇచ్చి పంపేశారు. “నేనొక్కణ్ణే ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను విమలా?” అంటే నేనూ నర్సు ఉద్యోగం మానేశాను. పదహారేళ్ళు నైట్ డ్యూటీలు చేసినదాన్ని. అసలీ దేశం వచ్చింది నా వీసా మీద. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేనెప్పుడైనా ఎత్తితే ఆయన కాఫీ చల్లారిపోయిందంటారు.

ఇప్పుడాయన ప్లానేమిటంటే, చలికాలం నాలుగు నెలలూ ఈ మంచు తవ్వుకునే బాధ లేకుండా టెక్సస్ పోయి, ఇలాంటి బళ్ళ కోసమే ఉండే ఆర్.వి. పార్కు ఒకదానిలో బండి నిలిపి మార్చి దాకా ఉండిపోవడం. “పార్కు నువ్వే వెతుకు, నీకెలాగూ ఖాళీయేగా,” అన్నారు. మామూలుగా అయితే ఆ ఖాళీ అన్న మాటకి నాకు ఒళ్ళు మండేది. ఈసారి మండలేదు. వెతికేది నేనైతే, పక్షులున్న చోటు చూసుకోవచ్చు కదా అనిపించింది.

ఈ పక్షుల పిచ్చి నాకు హాస్పిటల్లో పట్టుకుంది. పొద్దున్న ఏడింటికి డ్యూటీ దిగాక పార్కింగ్ లాట్ వెనకాల వాననీళ్ళు నిలిచే గుంట దగ్గర కారు ఆపేదాన్ని. అక్కడ బూడిదరంగు కొంగ ఒకటి నిలబడి ఉండేది. పదిహేను నిమిషాలు దాన్ని చూసి ఇంటికెళ్ళి, ట్రాఫిక్ అని చెప్పేదాన్ని. ఎందుకు అబద్ధమాడానంటే ఏం చెప్పను. నిజం చెబితే ఆ పదిహేను నిమిషాల్లోకి ఎవరో ఒకరు ఒక పని తెచ్చిపెట్టేవాళ్ళు. వచ్చేటప్పుడు పాలు పట్రా, అనేవాళ్ళు. కొంగలో మొదలైన కుతూహలం తర్వాత పిట్టలన్నిటికీ పాకింది. ఏది ఎక్కణ్ణించి వస్తుంది, ఎక్కడికి పోతుంది, ఎవరు చెప్తే బయల్దేరుతుంది? పుస్తకం కొనుక్కున్నాను. అందులో గ్రీన్ జే అని ఒక బొమ్మ. ఒళ్ళంతా ఆకుపచ్చ, తల నీలం, గొంతు నలుపు. ఈ దేశంలో టెక్సస్ దక్షిణపు కొసన తప్ప ఇంకెక్కడా కనపడదట. ఆ పేజీ నేను ఎన్నిసార్లు తిప్పానో, అంచు మెత్తబడిపోయింది.

లైబ్రరీ నుంచి క్యాంపుగ్రౌండ్ల డైరెక్టరీ తెచ్చుకుని ఫోన్లు మొదలెట్టాను. మూడు ప్రశ్నలు. నీళ్ళు, కరెంటు, మురుగు గొట్టం మూడూ బండికి తగిలించుకునే వీలుందా? నాలుగు నెలలు ఉండనిస్తారా? పొద్దున్నే నడిచి వెళ్ళి పక్షుల్ని చూసే చోటుందా? మొదటి రెండూ ఆయనవి. మూడోది నాది.

సముద్రం దగ్గరి ఒక పార్కులో ఎవరో మగమనిషి ఎత్తాడు. “చలికాలం మీ దగ్గర బర్డ్స్ బాగా వస్తాయాండీ?” అని అడిగాను. “స్నోబర్డ్సా? ఓ, మూడు వందలకి తగ్గవు! డిసెంబరులో దిగితే మార్చికి గానీ కదలవు,” అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏం తింటాయని అడిగాను. “ఏం పెట్టినా తినేస్తాయి మేడమ్. శుక్రవారం రాత్రి డ్యాన్స్ కూడా చేస్తాయి,” అన్నాడు. కొన్ని కొంగజాతులు నాట్యమాడతాయని చదివాను గానీ, వారం చూసుకుని ఆడతాయా? అదీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. పుస్తకం తిరగేస్తే స్నోబర్డ్ అంటే మా పెరట్లో గింజలు ఏరుకునే బూడిదరంగు బుల్లిపిట్ట. దానికోసం పన్నెండు వందల మైళ్ళు పోవడమేమిటి అనుకుంటూ ఆయనకి చదివి వినిపించాను. ఆయనకీ అర్థం కాలేదు. హ్యూస్టన్‌లో ఉండే స్నేహితుడు ఆమోసు గారికి ఫోన్ చేశారు. చలికి తట్టుకోలేక సౌత్‌కి వలస వచ్చే రిటైరైన ముసలివాళ్ళని ఇక్కడ స్నోబర్డ్స్ అంటారట. అంటే నేను, ముసలాళ్ళేం తింటారని అడిగానన్నమాట!

మొదట నేనే పొట్ట పట్టుకుని నవ్వాను. ఆదివారం తెలుగు చర్చిలో, ఆరాధన అయ్యాక బేస్‌మెంట్‌లో భోజనాలప్పుడు, ఆయన అందరికీ చెప్పారు. రెండో ఆదివారం కొత్తగా వచ్చిన వాళ్ళకి చెప్పారు. నాలుగో ఆదివారానికి పిల్లలు నన్ను స్నోబర్డ్ ఆంటీ అనడం మొదలుపెట్టారు. ఆయన కథలో ఆయనకి ఆ మాట ముందునుంచీ తెలుసు. నేను చేసిన పద్నాలుగు ఫోన్ల సంగతి కథలో లేదు. నేను అందరికీ పులిహోర వడ్డిస్తూ నవ్వుతున్నాను. దవడలు నొప్పెట్టాయి.

పదిహేనో ఫోను లొరెయిన్‌ది. టెక్సస్ కొసన, రియో గ్రాండే నది పక్కనే ఆమె పార్కు. పక్షుల రక్షిత అడవి గేటు అరమైలు దూరం. నేను మూడో ప్రశ్న పూర్తిచేయకముందే, “ఆగు హనీ,” అని రిసీవరు కిటికీ బయటికి పట్టుకుంది. ఒక్కసారిగా రోలులో రాళ్ళు వేసి తిప్పుతున్నట్టు గోల. ఒకటి అంటే ఇంకొకటి అందుకుంటోంది. చాచలాకాలట, కోడంత ఉంటాయట, పొద్దున్నే చెట్లెక్కి పోట్లాడుకుంటాయట. “అవి ఏమంటున్నాయి?” అని అడిగాను. పిచ్చిప్రశ్న. లొరెయిన్ నవ్వలేదు. “పాతికేళ్ళుగా నేనూ అదే తెలుసుకుందామని చూస్తున్నా,” అంది. గ్రీన్ జేలు కమలాపండు ముక్క పెడితే గుమ్మంలోకే వస్తాయంది. ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ గోల చెవుల్లోనే ఉంది. ఏడుపొచ్చింది. సంతోషానికే.

నోట్‌బుక్కు తీసుకుని ఆయన దగ్గరికెళ్ళాను. ఆయన తెరవలేదు.

“ఇంక వెతకడం ఆపెయ్. ఆమోసూ నేనూ మాట్లాడేసుకున్నాం. వాళ్ళింటికి పది నిమిషాల్లో మంచి పార్కుందట. క్రిస్మస్ అక్కడే. వాళ్ళావిడ వసంతక్క నీకోసం ఎదురుచూస్తోంది. ఇద్దరూ కలిసి గులాబీ పువ్వులూ కజ్జికాయలూ అవీ చేస్తే వాళ్ళ చర్చి మొత్తానికి సరిపోతాయి.”

“అక్కడ పక్షులు...” అన్నాను.

“పక్షులదేముంది విమలా, ఎక్కడైనా ఉంటాయి.”

మొగుళ్ళూ ఎక్కడైనా ఉంటారు, అనుకున్నాను. అనుకున్నందుకు నాకే భయమేసింది. ప్రభువా, క్షమించు, అన్నాను. కానీ మాట వెనక్కి పోలేదు. అడిగింది ఆయన, వెతికింది నేను, తేల్చింది ఆమోసు గారు. మరి నన్నెందుకు వెతకమన్నారు? ఖాళీగా ఉన్నానని. ముప్ఫై ఏళ్ళలో నాకు కావలసిందొకటి, ఒకే ఒకటి, నేనే వెతికి పట్టుకున్నాను. అదికూడా కజ్జికాయల పిండిలో కలిపేస్తారా?

మర్నాడు పొద్దున్న రావడం లేదని చెబుదామని లొరెయిన్‌కి ఫోన్ చేశాను. మర్యాద కదా. ఆమె నొచ్చుకుంది. “అయ్యో, అయితే నీకు ఇక్కడున్న చిన్న ట్రైలర్ ఇంటి గురించి చెప్పి లాభం లేదన్నమాట. పార్కులోదే, అద్దెకిస్తాం. ఏటా వచ్చే టీచరమ్మకి మోకాలు ఆపరేషనట, ఈసారి రావట్లేదు. ఒక్క మనిషికి సరిపోతుంది,” అంది.

“ఆడమనిషి ఒక్కతే కూడా వస్తుందా అక్కడికి?”

“ఇప్పటికి పదకొండు మంది రాయించుకున్నారు. శనివారం శనివారం తలా ఒకటి వండుకొచ్చి అందరూ కలిసి తింటారు.”

“వాళ్ళ భర్తలు?”

“కొందరు పోయారు. కొందరికి విడాకులు. ఇద్దరి భర్తలు మాత్రం ఇంట్లో ఉన్నారు. వాళ్ళకి పక్షులంటే ఇష్టం లేదంతే.”

ఆ ఇద్దరి గురించి ఇంకో పది నిమిషాలు అడిగాను. దెబ్బలాడి వచ్చారా? లేదట. అయోవా ఆమె ఏడేళ్ళుగా వస్తోందట. వాళ్ళాయన తనే గుడ్లు వేయించుకుంటాడట, బతికే ఉన్నాడట. మార్చిలో ఆమె ఇంటికి వెళ్తే తలుపు తీస్తాడా? తీయడమేమిటి, కేక్ కొని పెడతాడంది లొరెయిన్. ఇలా కూడా ఉంటారన్నమాట మనుషులు! ఎవరూ చావనక్కర్లేదు, ఎవరినీ వదిలేయనక్కర్లేదు.

“ఆ ట్రైలర్ నా పేరున రాయండి,” అన్నాను. “వి, ఐ, ఎం, ఎ, ఎల్, ఎ.” ఆమె అడక్కుండానే నా పేరు స్పెల్లింగ్ ఇంకోసారి చెప్పాను.

ఆయన డ్రైవ్‌వేలో బండి అద్దం తుడుస్తున్నారు.

“ఏవండీ, నాకు పార్కు దొరికింది.”

“మళ్ళీ మొదలెట్టావా? చెప్పానుగా, ఆమోసు చూశాడని.”

“అది మీకు. మీరు ఆ బండిలో హ్యూస్టన్ వెళ్ళండి, నాకేం అభ్యంతరం లేదు. నేను నా కారులో రియో గ్రాండే దగ్గరికెళ్తాను. ట్రైలర్ తీసుకున్నాను. మార్చిలో వచ్చేస్తాను.”

ఆయన గుడ్డ చేతిలోనే పట్టుకుని నిలబడిపోయారు. “ఒక్కదానివే? అంత దూరం డ్రైవ్ చేస్తావా?”

“పదహారేళ్ళు మంచులో చేశాను. ఎండలో చేయలేనా?”

“వసంతక్కకి ఏం చెప్పను? చర్చిలో ఏం చెప్పను?”

“పక్షుల్ని చూడ్డానికి వెళ్ళిందని చెప్పండి.”

ఆయన కోప్పడతారనుకున్నాను. కోపం కంటే బెదురే ఎక్కువ కనపడింది ఆ ముఖంలో. నాకు జాలేసింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ జాలే నన్ను వెనక్కి లాగుతోంది. ఈసారి కదలకుండా నిలబడ్డాను.

“నాలుగు నెలలు విమలా! మరి నా సంగతేంటి?” అన్నారు.

“మీరా? చుట్టపుచూపుగా రండి,” అన్నాను. “శనివారం వస్తే మాత్రం ఏదో ఒకటి వండుకుని తేవాలి. అక్కడ ఎవరొచ్చినా అదే రూలట.”