సూర్ క్యాంపులో కొమ్ములాయన

దస్తగిర్‌ని రాక్షసుణ్ణి చేసింది మీరే. సూర్ క్యాంపులో ఒకే గదిలో పడుకుని, ఒకే గంజులోంచి అన్నం పెట్టుకు తిన్న మీరే. ఇప్పుడు మెట్‌పల్లిలో, కోరుట్లలో, ఆర్మూరులో స్లాబు ఇళ్ల ముందు కుర్చీలేసుకుని, మనవలు చుట్టూ చేరగానే "మా సూర్ల ఒక రాచ్చసుడుండె" అని మొదలుపెడతారు. చిన్నపిల్లని ఎత్తుకుపోయాడంటారు. రాళ్లు వేశామంటారు. అక్కడ ఆపేస్తారు. పిల్లలు జడుసుకుంటే నవ్వుతారు. ఆ మర్నాడు పొద్దున మీరేం చేశారో ఒక్కరూ చెప్పరు. మీ బతుకంతటిలో మీరు చేసిన గొప్ప పని అదే, దాన్నే మింగి కూర్చున్నారు.

ఓంకార్ మింగలేదు. అతనికి అంతా గుర్తుంది, వాసనలతో సహా.

తొంభై ఎనిమిదో సంవత్సరం, ఒమన్ దేశం. సూర్ ఊరి అవతల సముద్రం ఒడ్డున గ్యాస్ ప్లాంటు లేస్తోంది. రోడ్డు పక్క ఇసుకలో రేకుల గదుల క్యాంపు. క్యాంపుకి ఒక పక్క జాలర్ల ఇళ్లు, రెండో పక్క నీళ్లు. పొద్దున లేస్తే ఎండుచేపల వాసన, మధ్యాహ్నం రేకులు కాలిన వాసన, సాయంత్రం అందరి గదుల్లోంచీ ఒకేసారి ఉల్లిగడ్డ తాలింపు. ఏసీ గొట్టం నుంచి చుక్కచుక్కగా పడే నీళ్ల కింద, గదిలో అందరికన్నా పెద్దవాడు భూమయ్య పుంటికూర, అదే గోంగూర, వేశాడు. ఆ ఉప్పు ఇసుకలో అది మొలవదని అందరూ ఎగతాళి చేశారు. మొలిచింది. ఎగతాళి చేసినవాళ్లే కూర ఎప్పుడు కోస్తావు కాకా అని అతని చుట్టూ తిరిగారు. ఇవాళ మార్బుల్ పరిచిన ఇంట్లో కూర్చున్నా ఓంకార్‌కి ఆ కూర రుచి మళ్లీ దొరకలేదు.

ఓంకార్ సైట్‌లో షట్టరింగ్ కార్పెంటరు. పుట్టింది మాత్రం పటం కథలు చెప్పే ఇంట్లో. వాళ్ల నాయన బొమ్మల గుడ్డని రెండు కట్టెల మధ్య వేలాడదీసి, పైనుంచి కిందికి చుట్ట విప్పుతూ, బెత్తంతో ఒక్కో బొమ్మనీ చూపిస్తూ ఊరూరా కథ చెప్పేవాడు. ఊళ్లలోకి టీవీలు వచ్చాక పిలిచేవాళ్లు లేరు. గుడ్డ చుట్టి అటక మీద పడేశారు, ఓంకార్ విమానం ఎక్కాడు.

సైట్ ఆఫీసులో పనిచేసిన జపాన్ ఇంజనీరు ఒకాయన దేశానికి వెళ్లిపోతూ అట్టపెట్టెల నిండా చెత్త వదిలిపోయాడు. కాల్చెయ్యమన్నారు. అందులో ఓంకార్‌కి ఒక లావుపాటి బొమ్మల పుస్తకం దొరికింది. ముతక కాగితం, నల్ల సిరా. మన బోటివాళ్లకి ఆ అక్షరాలు పిచ్చుక గూళ్లే. బొమ్మలకి అక్షరాలెందుకు? కొండంత మనిషి, నెత్తిన రెండు కొమ్ములు, నోట్లోంచి బయటికొచ్చిన కోరలు. ఆ దేశపు కల్పిత కథల్లో అలాంటివాణ్ణి ఓని అంటారని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి మాత్రం వాడు కొమ్ములాయన.

శుక్రవారం మధ్యాహ్నం, కోడికూర తిన్నాక, గదిలో కథ మొదలు. బెత్తం లేదు, గంటె కాడతోనే బొమ్మలు చూపించేవాడు ఓంకార్. పక్క గదులవాళ్లు కూడా వచ్చి కిటికీల్లోంచి వినేవాళ్లు. కథ ఇదీ. కొమ్ములాయన ఊరివాళ్లతో కలిసి గంజు చుట్టూ కూర్చుని తింటాడు. తిన్న ఇంటికే ద్రోహం తలపెడతాడు. తల్లి చేతుల్లోంచి పిల్లని తీసుకుంటాడు. ఏడుస్తున్న పిల్లని భుజాన వేసుకుని నడుస్తాడు. సముద్రంలో పడేస్తాడు. బండ మీద ఒంటరిగా కూర్చుంటాడు. ఊరు రాళ్లేసి కొండల్లోకి తరిమేస్తుంది. చివరి అట్ట మీద కొమ్ములాయన పెద్దగా నవ్వుతుంటాడు. "సావలే, మల్లొస్తడు" అని గంటె నేలకేసి కొట్టేవాడు ఓంకార్.

ఒక బొమ్మ దగ్గర మాత్రం అతనికి కథ అడ్డం తిరిగేది. సముద్రంలో పడకముందే పిల్ల బట్టల్లోంచి నీళ్లెందుకు కారుతున్నాయి? భయానికి పట్టిన చెమట అని చెప్పి దాటేశాడు. వినేవాళ్లకి సరిపోయింది.

పటం కథలో ఒక ఆనవాయితీ ఉంది. రాక్షసుడి బొమ్మ రాగానే బెత్తం వినేవాళ్ల మీదికి తిప్పి, ఎవరో ఒకరిని చూపించి, "అగో, అచ్చం గీయనే" అనాలి. జనం గొల్లుమంటారు. చూపించబడ్డవాడు కూడా నవ్వి చేతిలో ఏదో పెడతాడు. ఓంకార్ గంటె తిప్పింది దస్తగిర్ మీదికి.

దస్తగిర్‌ది కడప జిల్లా, ఎర్రగుంట్ల దగ్గర. నాపరాళ్ల గనిలో మందు పేలి ఎడమ చెంప కాలిపోయింది, నుదుటి మీద కోడిగుడ్డంత గడ్డ మిగిలింది. ఇద్దరు మోసే పైపుని ఒక్కడే ఎత్తేవాడు. మాట తక్కువ. చేపతలలు కాగితంలో చుట్టుకుపోయి క్యాంపు పిల్లులకి పెట్టేవాడు. ఆ మొహం చూసి కొత్తగా వచ్చినవాళ్లు ఆయన పక్క మంచం తీసుకునేవాళ్లు కాదు.

గదంతా నవ్వింది. దస్తగిర్ కూడా నవ్వాడు. ఇంకో శుక్రవారం ఆయన మెల్లగా చెయ్యి చాచి పుస్తకాన్ని అటు తిప్పబోయాడు.

"ఇది ఈ పక్కనుంచి తెరవాలేమో న్నా. మా ఉర్దూ పుస్తకాలు ఇట్టనే."

"రాచ్చసుడే కత చెప్తనంటుండు," అన్నాడు భూమయ్య. మళ్లీ గొల్లున నవ్వు. తర్వాతి శుక్రవారం నుంచి దస్తగిర్ గదిలో లేడు. కథ టైముకి నీళ్ల ఒడ్డుకి పోయి కూర్చునేవాడు. ఆయన మంచం పక్కనుంచి అవతలికి జరుగుతూ జరుగుతూ మంచాలన్నీ ఒక గోడకి చేరాయి. నవ్వులాటకి అన్న పేరు ఎప్పుడు భయంగా మారిందో ఎవరికీ తెలియదు.

ఒక శుక్రవారం కథ మధ్యలో ఉండగా బయట పిల్ల ఏడుపు వినిపించింది. అందరూ తలుపు దగ్గరికి పరుగెత్తారు. రోడ్డుకి అవతల, ఒడ్డు వెంట, దస్తగిర్ నడుస్తున్నాడు. భుజాన జాలర్ల పిల్ల, ఐదారేళ్లది, గుక్కపట్టి ఏడుస్తోంది. గౌను తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"గదే బొమ్మ," అన్నాడు భూమయ్య.

తర్వాతి బొమ్మ ఏదో అందరికీ తెలుసు. సముద్రం. ఎవరూ ఆగలేదు. భూమయ్యే మొదటి రాయి తీశాడు. దస్తగిర్ పిల్లని గుండెకి అదుముకుని, వాళ్లకి వీపు తిప్పి ఇసుకలో కూర్చుండిపోయాడు. రాళ్లన్నీ వీపు మీదే పడ్డాయి. క్యాంపు బాసు వచ్చాడు, పిల్లని లాక్కుని వాళ్ల ఇళ్లవైపు పంపాడు, దస్తగిర్‌ని ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశాడు. పొద్దున్నే పికప్ బండిలో మస్కట్‌కి, అక్కడినుంచి ఇంటికి. ఇక మాట్లాడేది లేదన్నాడు.

మిగతావాళ్లు గదికి తిరిగిపోయారు. ఓంకార్ ఒక్కడూ ఒడ్డుకి పోయి నిలబడ్డాడు. దస్తగిర్ అడుగులు ఇంకా ఉన్నాయి. నీళ్లలోంచి మొదలై జాలర్ల ఇళ్లవైపు పోతున్నాయి. ఇళ్లవైపునుంచి నీళ్లలోకి ఒక్క అడుగూ లేదు.

చెమట కాదది.

గదికి ఉరికి వచ్చి పుస్తకం తీశాడు. దస్తగిర్ చెయ్యి ఎటు తిప్పబోయిందో అటు తిప్పాడు. నవ్వే మొహం ఉన్న అట్ట ముందుకొచ్చింది. కుడినుంచి తెరిచాడు. కొండల్లోంచి కొమ్ములాయన దిగి వస్తాడు. ఊరు రాళ్లు వేస్తుంది. బండ మీద ఒంటరిగా కూర్చుంటాడు. సముద్రం పిల్లని లాగేస్తుంటే దూకుతాడు. తడిసిన పిల్లని భుజాన వేసుకుని నడుస్తాడు. తల్లి చేతుల్లో పెడతాడు. చివర ఊరంతా ఆయనతో కలిసి గంజు చుట్టూ కూర్చుని తింటుంది.

తాతల నాటినుంచి బొమ్మ చూసి కథ చెప్పిన ఇంటివాడు, పటం తలకిందులుగా వేలాడదీశాడు.

సైట్‌లో హాజరు వేసే టైమ్‌కీపర్ ఇనాయత్‌ది హైదరాబాద్, అరబ్బీ బాగా వచ్చు. ఓంకార్ అతన్ని వెంటబెట్టుకుని పొద్దుగూకే వేళ జాలర్ల ఇళ్లకి పోయాడు. మగవాళ్లంతా వేటకి పోయారు. తలుపు చాటునుంచి పిల్ల నాయనమ్మ మాట్లాడింది. పోటు నీళ్లు పెరిగి పిల్లని లాగేస్తుంటే ఆ మొహం కాలిన పెద్దాయనే తీసుకొచ్చాడని మనవరాలు చెప్పిందట. మీ బాసుతో కొడుకే వచ్చి మాట్లాడాలి, పడవలు పొద్దెక్కాక వస్తాయి అంది.

"పికప్ తెల్లారేసరికే పోతది మియా," అన్నాడు ఇనాయత్, దారిలో. "పడవ తొందరగ రాదు, పికప్ ఆగదు, మన మాట బాసు వినడు. ఏం చేస్తవ్?"

ఓంకార్ దగ్గర ఉన్నది ఒక్క కథే.

తెల్లవారింది. డ్యూటీ బస్సు ఇంజన్ నడుస్తోంది. పక్కనే పికప్, వెనక దస్తగిర్, ఒళ్లో సంచి. ఓంకార్ బస్సు మెట్టెక్కి నిలబడి పుస్తకం ఎత్తిపట్టాడు. కుడినుంచి తెరిచి, గంటె కాడతో ఒక్కో బొమ్మా చూపిస్తూ కథ చెప్పాడు. నీళ్లు కారుతున్న పిల్ల బొమ్మ దగ్గర ఆగాడు.

"ఇది చెమట అన్న. అబద్ధం. పిల్లని నీళ్లలకెళ్లి తెస్తుండు. నిన్న మనం చూసింది గూడ గిదే. వాళ్ల నాయన పడవ దిగి వచ్చి చెప్పేదాంక ఈ బండి కదలొద్దు."

ఎవరూ కదల్లేదు. బండికి అడ్డం కూర్చుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. పని ఆపినవాణ్ణి పోలీసులకి అప్పగిస్తారు, ఇంటికి పంపేస్తారు. ఊళ్లో ఒక్కొక్కడి వెనకా ఎంతమంది ఉన్నారో అదీ తెలుసు. క్యాంపు బాసు చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

భూమయ్య టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, పికప్ చక్రాల ముందుకి నడిచాడు.

"మొదటి రాయి నేనే ఏసిన. ముందుగాల నేనే కూసుంట," అన్నాడు.

కూర్చున్నాడు. ఆయన పక్కన ఇంకొకరు. ఇంకొకరు. కిటికీల్లోంచి కథ విన్న పక్క గదులవాళ్లు. చివరికి ఇనాయత్ కూడా ఇస్త్రీ ప్యాంటుతోనే ఇసుకలో చతికిలబడి, "చలో, ఈ రోజు హాజరు వేసేటోడు గూడ గైర్‌హాజర్," అన్నాడు. అప్పుడు నవ్వారందరూ. దస్తగిర్ మీద కాకుండా, దస్తగిర్‌తో కలిసి.

బాసు అరిచాడు, బెదిరించాడు, పేర్లు రాసుకుంటానన్నాడు. ఎండెక్కింది. ఎవరూ లేవలేదు. పడవలు ఒడ్డుకి చేరాయి. పిల్ల తండ్రి తడి లుంగీతోనే, పిల్లని చంకనేసుకుని వచ్చాడు. బాసు సలాం చేస్తే బదులు కూడా చెప్పకుండా నేరుగా పికప్ దగ్గరికి పోయి, పిల్లని దాని వెనక ఎక్కించి, దస్తగిర్ తల రెండు చేతులా పట్టుకుని, నుదుటి మీద, సరిగ్గా ఆ గడ్డ మీద ముద్దు పెట్టాడు. పిల్ల భయం లేకుండా ఆ కాలిన చెంప మీద చెయ్యి వేసింది. బాసు పికప్ వెనక తలుపు తెరిచి పక్కకి జరిగాడు.

ఆ సాయంత్రం ఆ జాలరి ఇచ్చిన పెద్ద చేప. దస్తగిర్ కడప కారం. భూమయ్య మిగిలిన పుంటికూర అంతా పీకేశాడు, వేళ్లతో సహా. మంచాలు బయటికి లాగి, ఇసుకలో గంజు పెట్టి, చుట్టూ కూర్చుని తిన్నారు. పుస్తకంలో చివరి బొమ్మలాగే. ఎంత తిన్నా లేవబుద్ధి కాని భోజనం అది. ఆ ఇసుకా, ఆ గాలీ, మూతులు తుడుచుకుంటూ ఒకరినొకరు ఏడిపించుకోవడం ఓంకార్ ఇప్పటికీ తలుచుకుంటాడు.

ఆ గది మనుషులు ఎక్కడివాళ్లక్కడికి పోయారు. దస్తగిర్ ఎర్రగుంట్లలోనే ఉన్నాడు. ఆమధ్య ఓంకార్ ఫోన్‌లో మాటల మధ్య, మనవాళ్లు నీ కథ పిల్లలకి చెబుతున్నారన్నా అని నోరు జారాడు.

"యాడ దంకా చెప్తాండారు న్నా?" అని అడిగాడు దస్తగిర్.

ఓంకార్ మాట మార్చాడు. జవాబు మీరు చెప్పాలి.

ఇక ఆపండి ఆ అబద్ధం. ఇవాళే, మనవలని మళ్లీ కూర్చోబెట్టండి. రాయి దగ్గర మొదలుపెట్టండి, ఎవరు వేశారో పేరు పెట్టి చెప్పండి. పికప్ ముందు కూర్చున్న పొద్దుటిని చెప్పండి, గంజు దగ్గరికి తెచ్చి ముగించండి. చెప్పడం అవగానే దస్తగిర్‌కి ఫోన్ కలిపి, ఆ పిల్లల చేత తాతా అని పిలిపించండి.