కలబందకు ఎండ అలవాటు

మైసమ్మ ఇరవై ఏండ్లుగా మిర్యాలగూడలో రైసుమిల్లు పనికి పోతున్నది. ఉడికిన వడ్లను కల్లంలో పరిచి, కాళ్లతో తిరగదన్ని, కాసేపు ఎండనిచ్చి, కుప్పచేసి బరకం పట్టా కప్పి, మళ్లీ పరచాలి. ఒక్కబిగిన ఎండిస్తే గింజ పగిలి నూకయితది. ఎండ సంగతి ఆమెకు ఒకరు చెప్పేదేం లేదు. అయినా ఆ ఏడు, పందొమ్మిది వందల ఎనభై ఏడు ఎండకాలంలో, ఆ ఎండ దగ్గరనే తప్పు చేసింది.

కోడలు జానమ్మ అప్పటికి పది నెలలుగా పగటిపూట అర్ర గడప దాటలేదు. బాలింత ఇరవై ఒకటోనాటి దాకా ఎండ చూడొద్దంటరు. ఆనాడు బిడ్డనెత్తుకొని బయటికి వచ్చి, నీళ్లకాడ పసుపు కుంకుమ పెట్టి, బిందె నింపుకుంటే పురుడు తీరినట్టు. జానమ్మ బిడ్డ తొమ్మిదోనాడే పోయింది. ఇరవై ఒకటోనాడు ఆమెను బయటికి రమ్మని ఎవరూ పిలవలేదు. పాపం, ఏమని పిలుస్తరు? కొడుకు ఐలన్న లారీ డ్యూటీ నుంచి వచ్చినప్పుడల్లా గడపకాడ కూసొని కాసేపు మాట్లాడి, ఆమె మొహం గోడకు తిప్పుకుంటే లేచి వెళ్లేవాడు. పిల్ల రోజురోజుకూ పాలిపోతుంటే ఇగ దక్కదేమోనని మైసమ్మకు భయం.

అర్రలో జానమ్మకు తోడు మూడు డాల్డా డబ్బాల్లో కలబంద. కడుపుతో ఉన్నప్పుడు నాటుకున్నది. రోజూ ఆ మట్టలను తడిగుడ్డతో తుడిచేది. చీకట్లో అవీ సన్నబడి, పాలిపోయినయి. మొక్కలన్నా బతుకుతయని మైసమ్మ ఒకనాడు మిల్లుకు పోతూ పోతూ మూడు డబ్బాలనూ వాకిట్లో పెట్టిపోయింది. అవి మే నెల ఎండలు.

సాయంత్రం వచ్చేసరికి మట్టలు ఇటుక రంగుకు తిరిగి, కొసలు మాడి ఉన్నయి. ఒక మట్ట మీద తెల్లటి బొబ్బ. లోపలికిపోయి చూస్తే, అర్రలోంచి కదలని జానమ్మ రెండు చేతులూ అదే ఇటుక రంగు. ఎడమ మణికట్టు మీద అదే బొబ్బ.

కాంపౌండరు వీరేశం వచ్చి చేతులు చూసి, మైసమ్మ చెప్పింది విని, డబ్బాలు ఏడున్నయని అడిగి, దీపం పట్టించుకొని మట్టలకు మందు రాసిండు. గాడ మానితే గీడ మానుతదన్నడు. పోతూ పోతూ గడపకాడ ఆగిండు.

"వడ్లనైతే గిట్ల ఒక్కసారే ఎండల పోస్తవా, అవ్వా?"

మైసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఇరవై ఏండ్ల పనిమంతురాలికి అడగాల్సిన మాటేనా అది!

తెల్లారి డబ్బాలను గడప లోపల, లేత ఎండ వాలేకాడ పెట్టి, రెండు నిమిషాలకే తీసింది. మర్నాడు ఇంకాసేపు. తర్వాత చూరు కింద, ఆ తర్వాత వాకిట్లో గోనెసంచి నీడన. పొద్దెక్కితే మళ్లీ లోపలికే. మిల్లుకు ఆలస్యమయితున్నదని మేస్త్రీ తిట్టినా పట్టించుకోలేదు. పదో రోజో, పదకొండో రోజో, డబ్బాలు తీయబోతుంటే అర్రలోంచి మాట వినపడ్డది.

"అత్తా, చేతులకు వెచ్చగ ఉన్నది. ఇంకొంచెంసేపు ఉండనీ."

మైసమ్మ డబ్బాలను అక్కడనే ఉంచి పక్కన కూసున్నది. ఆనాడు మిల్లుకే పోలేదు.

మృగశిర కార్తె దాకా ఈ తంతు నడిచింది. చివరికి ఒకనాడు డబ్బాలు వాకిట్లోని చేతిబోరింగు పక్కన నిండు ఎండలో నిలబడ్డయి, ఒక్క మట్టా మాడలేదు. మైసమ్మ బోరింగు పిడికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కింద ఖాళీ బిందె ఉంచింది. పిలవలేదు. మట్టలకు దూపయిందో ఏమో, జానమ్మ నోరు పిడచకట్టి గడపకాడికి వచ్చి నిలబడ్డది. బోరింగుకున్న పసుపు చూసింది. ఆమెకు అర్థమైంది.

"ఉత్త చేతులతోనా అత్తా?" అన్నది.

"రా బిడ్డా. బిందె ఎత్తడానికి ఉత్త చేతులే కావాలె."

జానమ్మ గడప దాటింది. ఎండలో నడిచి వచ్చి పిడి పట్టుకొని కొట్టింది. మొదలు గాలి, తర్వాత తుప్పునీళ్లు, తర్వాత మంచినీళ్లు. బిందె నిండిందాకా ఏడుస్తనే కొట్టింది. చేతులు కాలలేదు. మణికట్టు మీది మచ్చ మాత్రం పోలేదు, మట్ట మీదిదీ పోలేదు. ఆ మట్ట మొదట్లోంచే గోరంత పిలక లేస్తున్నది.

ఆ బిందె నీళ్లు జానమ్మ మూడు డబ్బాల్లోనే కుమ్మరించింది. కలబందకు అన్ని నీళ్లు పోయొద్దని మైసమ్మకు తెలుసు. ఆ ఒక్కనాడు ఏమీ అనలేదు.