పురుగమ్మకు మిగిలిన చివరి అధ్యాయం

చదివేవాళ్లకి మనవాళ్లు పెట్టిన పేరు చూడండి, పుస్తకాల పురుగట! పొద్దస్తమానం పడుకునేవాణ్ణి మంచం పురుగని ఎవరూ అనరు. చదివేవాళ్ల దగ్గరికొచ్చేసరికే ఈ లోకానికి పురుగు గుర్తొస్తుంది.

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో గుమాస్తాగా పనిచేసే ఆవిడకి ఆ పేరు కాస్తా అరిగి పురుగమ్మ అయింది. పేరుతో ఆవిడకి పేచీ లేదు. దాని వెంట వచ్చిన చాకిరీకే ఒళ్లు మండేది. నీకు చదవడం ఇష్టం కదా అంటూ యజమాని బీమా కాగితాలు ముందు పడేసేవాడు. మెకానిక్కు కొత్త మోటారుతో వచ్చిన సూచనల పుస్తకం తెచ్చేవాడు. ఇంటికొస్తే అత్తగారు మాత్రల డబ్బాలోని చీటీ విప్పేది, పై వాటా ఆయన అద్దె ఒప్పందం పట్టుకుని దిగేవాడు. ఈత వచ్చిన పాపానికి బావిలో పడ్డ ప్రతి చెంబూ ఒక్కడి చేతే తీయించినట్టుంది ఈ వరస.

ఇంత గోలలోనూ, లైబ్రరీలో నెలల తరబడి కాచుకున్న నవల ఒకటి చేతికొచ్చింది. చిన్నప్పుడు తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ ఓ చెల్లెలు ఊరూరా తిరిగి, చివరికి ఒక రేవు చేరుతుంది. దూరంగా పడవ వస్తుంటుంది. అందులో అన్న ఉన్నాడా, లేడా? సరిగ్గా అక్కడ ఆగిపోయింది పురుగమ్మ. ఇంకొక్క అధ్యాయమే మిగిలింది. గడువు ఆ రోజుతో సరి, వరసలో తర్వాతివాళ్లు ఎదురుచూస్తున్నారు.

ముందురోజు బస్సులో తెరవబోతే, కళ్లజోడు మరిచానంటూ పక్కావిడ తన ఫోనులో మెసేజీలన్నీ చదివించుకుంది. ఇక లాభం లేదని ఆ రోజు పుస్తకం ఇంట్లోనే ఉంచి వెళ్లి, యజమానిని బతిమాలి పెందలాడే బయటపడింది. ఇంట్లో కూర్చుని ఆ అధ్యాయం పూర్తిచేసి, లైబ్రరీ మూసేలోగా ఇచ్చేద్దామని పరుగున వచ్చింది.

తలుపు తీసిన భర్త ముఖం వెలిగిపోతోంది.

"పుస్తకం ఇచ్చేసి వచ్చాలే. నీకు ఊపిరాడటం లేదుగా పాపం. చివర ఏమైందో అక్కడాయన్ని అడిగి మరీ కనుక్కున్నా. ఆ అన్న పడవలో లేడట, ఎప్పుడో పోయాడట. ఆ కాస్తా చదివే పని కూడా తప్పింది నీకు."

తిట్టడానికి వీల్లేనంత మంచివాడైపోయాడు మహానుభావుడు! ఆవిడ చెప్పులతోనే కుర్చీలో కూలబడి భోరుమంది. భర్త కంగారుపడి, కథే కదా, రేపే కొత్తది కొని తెస్తానన్నాడు.

"పడవ ఒడ్డుకొచ్చేదాకా ఆ పిల్ల పక్కన నేను నిలబడాల్సిందండీ," అంది ఆవిడ. "ఇంక తెచ్చి ఏం లాభం? పోయాడుగా."