చీపురు ఈనెల వంతెన

ఇంట్లో చీపురుకట్ట రోజురోజుకీ బక్కచిక్కిపోతోందని అత్తగారు సూరమ్మ సణుగుడు. "ఈనెలన్నీ ఏమైపోతున్నాయే సువర్ణా, దయ్యాలెత్తుకుపోతున్నాయా?" అంది పొద్దున్నే. కోడలు వాకిట్లో కూర్చుని కొబ్బరాకు చీల్చి ఈనెలు తీస్తూ, తిన్ననివి పక్కన దాచి, వంకరవి చీపురుకి వదిలేస్తోంది. పప్పింకా పొయ్యి మీదే ఉంది, భర్త చొక్కాకి ఇస్త్రీ కాలేదు. మొగుడూ పెళ్లాలు వెళ్లే బడి ఒకటే. వెళ్లడానికి ముందు చెయ్యాల్సిన పనులు మాత్రం ఒక్కరివే.

కొత్తపేట దగ్గరి ఆ బడిలో సాలమోను సైన్సు మాస్టారు, సువర్ణ డ్రాయింగు టీచరు. సైన్సు ఫెయిరు వచ్చిందంటే ప్రతి మాస్టారూ ఓ అట్టముక్క పట్టుకుని ఆమె దగ్గరికే వస్తాడు, కాస్త రంగులేసి పెట్టండి టీచరుగారూ అంటూ. కాదంటే పొగరంటారు. ఔనంటే ఇంట్లో అన్నం ఆలస్యమవుతుంది. ఈ ఏడు పోటీకి కొత్త నియమం పెట్టారు, కట్టింది పనికీ రావాలి, కంటికీ నచ్చాలని. తొమ్మిదో తరగతి ఇందిర తమ ఊరి కాలవ మీదికి ఈనెలతో వంతెన నమూనా కట్టింది. తిన్నగా కట్టినప్పుడల్లా ఇటుక పెడితే కూలిపోయింది. ఓ సాయంత్రం సువర్ణ, వంగిన కొబ్బరిమట్టలా ఓ వంపు గీసి, చూడ్డానికి బాగుంటుంది, ఇలా కట్టి చూడమంది. ఇటుక నిలబడింది! ఇద్దరూ తెల్లబోయారు. ఎందుకు నిలబడిందా అని ఇందిర ఈనెలు వంచీ, విరిచీ, మళ్లీ కట్టీ చివరికి పట్టుకుంది. బరువు వంపు వెంట జారి రెండు గట్లలోకీ పోతోంది. అందానికి గీసిన గీతే బరువు మొయ్యడానికి పనికొచ్చిందని ఆ పిల్ల గంతులేస్తుంటే సువర్ణ అలసట కాసేపు ఎటో పోయింది.

"డ్రాయింగు టీచరుకి వంతెనలెందుకు? నువ్వు రంగెయ్యి చాలు. మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు సాలమోను, ఆ రాత్రి కంచం ముందు కూర్చుని. ఇన్నేళ్ల కాపురంలో ఆయన చూసుకుంటానన్నవన్నీ చివరికి చూసుకున్నది ఆమే.

పెద్దలొస్తే ఆడపిల్లలు గేటు దగ్గర నిలబడి పన్నీరు చల్లడం ఆ బడి ఆనవాయితీ. చక్కగా, పొడుగ్గా ఉంటుందని పోటీ రోజున పన్నీరుబుడ్డి ఇందిర చేతికిచ్చారు. వంతెన పక్కన సాలమోను నిలబడ్డాడు. సువర్ణ ప్రతి ఏడూ లాగే కాఫీల పళ్లెం ఎత్తుకుంది.

న్యాయనిర్ణేతగా వచ్చిన కాలవల ఇంజనీరుగారు వంతెన మీద వేలుపెట్టి నొక్కి చూశారు. "ఈ వంపెందుకు పెట్టేరండీ?"

"అలంకారానికండి. మా ఆవిడ సరదాగా గీసింది," అన్నాడు సాలమోను.

ఆయన తలూపి పక్క బల్ల వైపు కదిలారు.

సువర్ణకి కోపం రావలసింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. పళ్లెం బరువుకి మణికట్లు లాగుతున్నాయి. గేటు దగ్గర ఇందిర మెడ చాచి ఇటే చూస్తోంది. ఇవాళ నోరు తెరవకుండా నిలబడితే, రేపు ఈ పళ్లెం ఆ చేతుల్లోకే వస్తుందనిపించింది.

"ఏవండీ, కాస్త ఇది పట్టుకోండి."

రోజూ వినే గొంతే కదా, సాలమోను ఏమీ ఆలోచించకుండా పళ్లెం అందుకున్నాడు.

"అయ్యా, అది అలంకారానికి కాదండి," అంది సువర్ణ ఇంజనీరుగారితో. "ఎందుకో కట్టినమ్మాయే చెబుతుంది." గేటు వైపు తిరిగింది. "ఇందిరా, ఆ బుడ్డి అక్కడ పెట్టేసి రామ్మా."

హెడ్మాస్టరుగారు గాభరాగా వచ్చారు. "మరి పన్నీరెవరు చల్లుతారమ్మా?"

"మా ఆయన చల్లుతారండి. కాఫీలు ఇచ్చేసేక."

ఇంజనీరుగారు వెనక్కొచ్చారు. ఇందిర ఒగరుస్తూ వచ్చి, "ఆయ్, చెప్తానండి," అని వంతెన మీద ఇటుక పెట్టింది.

సువర్ణ గోడకి చేరగిలబడి వింటోంది. ఖాళీగా ఉన్న చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.